కోటిరత్నం రెండో కేక

యడ్లవారిపాలెంలో గొంతు తగ్గించి మాట్లాడే మనిషి కోటిరత్నం ఒక్కతే. మిగతా ఊరంతా, పక్కన నిలబడ్డ మనిషితో కూడా అవతలి చేలో ఉన్నవాడితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. అందులోనూ కోటిరత్నం అత్తగారు వెంకటరావమ్మ పెరట్లోంచి కోడలిని పిలిచిందంటే, చిలకలూరిపేట రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తల తిప్పి చూసేవాళ్ళు. అలాంటి ఇంటికి పద్దెనిమిదేళ్ళ వయసులో కోడలిగా వచ్చిన కోటిరత్నానికి, ఇరవై ఆరేళ్ళపాటు గట్టిగా మాట్లాడే అవసరమూ రాలేదు, అవకాశమూ దొరకలేదు. ఇంట్లో అరవాల్సినవన్నీ అత్తగారే అరిచేది. ఊళ్ళో చెప్పాల్సినవన్నీ మొగుడు చలమయ్య చెప్పేవాడు. చలమయ్య మాటకారి. సొంతానికి అరెకరం, కౌలుకి రెండెకరాలు పెట్టుకుని, ఆ రెండున్నర గురించీ ఇరవై ఎకరాల ఆసామిలా మాట్లాడగలడు. కోటిరత్నం పనిచేసేది. మిరప నాటేది, కలుపు తీసేది, కాయ కోసేది, తొడిమలు తీసేది, పత్తి రోజుల్లో పత్తికి వెళ్ళేది. చేతులాడుతుంటే నోరు ఊరుకునేది.

ఆ మనిషి గొంతు ఒకటిన్నర నిమిషం పాటు రెండు రాష్ట్రాల జనాన్ని కుర్చీల్లోంచి లేపిందంటే ఊరివాళ్ళు ఇప్పటికీ, అది మన కోటిరత్నమేనా అని ఒకరినొకరు అడుగుతుంటారు. నిజానికి అది ఒకటిన్నర నిమిషం కాదు, ఆరు సెకన్లు. ఒకటిన్నర నిమిషమని చెప్పింది చలమయ్య.

అయిదేళ్ళ కిందట మాఘమాసంలో, కోతలు జోరుమీదున్నప్పుడు, ఊళ్ళోకి సినిమావాళ్ళు వచ్చారు. డైరెక్టరు శివరామకృష్ణ సత్తెనపల్లి కుర్రాడు. మొదటి సినిమా. పేరు ‘పదమూడో కల్లం’. మిరపకాయల రాశి కింద ఎవరో చంపి పూడ్చిపెట్టిన కూలిమనిషి, దెయ్యమై ఆ రాశిలోంచే లేస్తుంది, అదీ కథ. డబ్బు లేదు కాబట్టి సెట్టు లేదు. నిజం కల్లం, నిజం కాయలు, నిజం కూలీలు. దెయ్యం వేసే పిల్ల ఒక్కతే హైదరాబాదు నుంచి వచ్చింది.

ఆ రోజు తీయాల్సింది చిన్న ముక్క. పదిమంది ఆడవాళ్ళు రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తుంటారు. రాశిలోంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. ఆడవాళ్ళు హడలిపోవాలి. ఆ పదిమందిలో కోటిరత్నం చివరి మనిషి. చెయ్యి లేచింది. కానీ చెయ్యి కంటే ముందు తుమ్ము వచ్చింది. ఒంటినిండా కొబ్బరినూనె రాసుకుని, మొహానికి గుడ్డ కట్టుకుని పడుకున్నా, కాయల ఘాటు ఆ పిల్లని ఊరుకోనివ్వలేదు. దెయ్యం లేవబోయే ప్రతిసారీ రాశి తుమ్మేది, ఆడవాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు. అయిదుసార్లు అదే తంతు.

“అమ్మా, మీరు దేనికీ భయపడరా?” అని శివరామకృష్ణ రెండు చేతులూ జోడించాడు.

“మా అత్తకి భయపడతాం గానీ, ఈ పిల్లకేం భయపడతాం బాబూ,” అంది ఒకావిడ. మళ్ళీ నవ్వులు.

ఆరోసారి కెమెరా తిరుగుతుండగా కోటిరత్నం ముంజేతి మీద ఒక చినుకు పడింది.

తల ఎత్తి చూసింది. దక్షిణం నుంచి మబ్బు వచ్చి నెత్తిమీద నిలబడింది. సినిమావాళ్ళెవరూ చూసుకోలేదు. పక్క కల్లంలో తమ రెండెకరాల కౌలుచేను కాయ, రెండు కోతలది, ఎండి చేతికి రావడానికి ఇంకొక్క రోజే ఉంది, ఆకాశం కింద బార్లా పరిచి ఉంది. కప్పడానికి ఉండాల్సిన పట్టని ఆ పొద్దున్నే చలమయ్య, “మా పట్ట వాడుకోండి సార్, దాన్దేముంది,” అని కెమెరాకి నీడకోసం ఇచ్చేశాడు. అది డైరెక్టరు నెత్తిమీద నాలుగు రాటలకి కట్టి ఉంది.

కోటిరత్నం లేచి నిలబడి అరిచింది.

అందులో మాట లేదు. మొగుణ్ణి పిలవలేదు, దేవుణ్ణి పిలవలేదు. ఇరవై ఆరేళ్ళు వాడని గొంతు ఒక్కసారిగా తెరుచుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. నవ్వుతున్న తొమ్మిదిమంది ఆడవాళ్ళ మొహాలు తెల్లబోయాయి. రాశి కింద ఉన్న దెయ్యం, పైన ఏం జరిగిందో తెలియక, తానే జడుసుకుని బయటపడింది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని శబ్దం రికార్డు చేస్తున్న షాహిస్తా అనే గుంటూరు అమ్మాయి వాటిని పీకి పక్కన పడేసి చెవి పట్టుకుంది. కోటిరత్నం అప్పటికే పరుగెత్తి రాటలకి కట్టిన పట్టని తాళ్ళతో సహా ఊడబెరుకుతోంది. శివరామకృష్ణ మాత్రం వానలో తడుస్తూ, “ఓకే, ఓకే,” అని గంతులు వేశాడు.

వాన పావుగంట కురిసింది. పట్ట వేసేలోపు తడిసిన కాయలు సగం రంగుదిగి తెల్లబడ్డాయి. ఆ తెల్లకాయని తాలు అంటారు. మిర్చి యార్డులో దాన్ని చేత్తో పట్టుకుని చూసేవాడు కూడా ఉండడు.

సినిమా దసరాకి వచ్చింది. కల్లంలో పదిమంది ఆడవాళ్ళు, వాళ్ళ మొహాలు, ఆ కేక, పైకి లేస్తున్న ఎర్రటి చెయ్యి. అంతే. జనం విరగబడ్డారు. ఆ కేకని ఆటోలవాళ్ళు హారనుగా పెట్టుకున్నారు, పిల్లలు ఫోను మోతగా పెట్టుకున్నారు. ఎవరిదా గొంతు అని వెతుక్కుంటూ ఒక యూట్యూబ్ చానలువాళ్ళు యడ్లవారిపాలెం వచ్చారు.

“ఆ రోజు మీరేం చూశారమ్మా?” అని అడిగాడు మైకు పట్టుకున్న అబ్బాయి.

“వాన వచ్చిందయ్యా,” అంది కోటిరత్నం.

“అది కాదమ్మా. అంత భయం ఎందుకు వేసింది?”

“అదేనయ్యా. కాయలు కల్లంలో ఉన్నాయి. వాన వచ్చింది.”

ఆ అబ్బాయిది హైదరాబాదు. కాసేపు మైకు దించి, “వానకి ఎవరైనా అంత భయపడతారా?” అని చలమయ్య వంక చూశాడు. అతిథిని నిరాశపరచడం చలమయ్యకి చేతకాదు. “మావిడ చెప్పుకోలేదు లెండి. ఆ రాశి వెనకాల తెల్లచీర ఒకటి కదిలిందంట,” అన్నాడు. రెండో చానలు వచ్చేసరికి ఆ చీరకి గజ్జెలు వచ్చాయి. మూడో చానలుకి ఆ గజ్జెలు కట్టుకున్న మనిషి పేరు కూడా తెలిసింది. కోటిరత్నం పక్కన తల వంచుకుని కూర్చునేది. ఆ మౌనం చూసి జనం పూర్తిగా నమ్మారు.

తర్వాత పిలుపులు మొదలయ్యాయి. నరసరావుపేటలో సెల్‌ఫోన్ల షాపు తెరుస్తూ పిలిచారు. రిబ్బను కత్తిరించగానే కోటిరత్నం అరవాలి. గుంటూరులో కాలేజీ ఫంక్షనుకి పిలిచారు. మంగళగిరిలో ఒక చీరల కొట్టువాళ్ళు తమ నేత చీరే కట్టించి, అద్దం ముందు నిలబెట్టి, రేటు చీటీ చూసి అరవమన్నారు. తక్కువ ధరకి ఆశ్చర్యపోయినట్టన్నమాట. మొదట్లో సిగ్గుపడింది. వెంకటరావమ్మ ఊరుకోలేదు.

“గొంతులోంచి కాదే, పొట్టలోంచి తియ్యాల. నే చూపిస్తా చూడు,” అని అరిచి చూపించింది. పక్కింటి గేదె తాడు తెంపుకుంది. కోడలు అత్తగారి దగ్గర అలా విద్య నేర్చుకుంది. పొద్దున్నే మిరియాల పాలు, చల్లటివి బంద్. కేకలో మూడు రకాలు వచ్చాయి. చిన్నది పుట్టినరోజులకి, మధ్యరకం షాపులకి, పెద్దది కాలేజీలకి. కౌలుచేను ఆ వానతోనే వదిలేశారు, మళ్ళీ పట్టలేదు. ఎప్పుడే ఊరి నుంచి కారు వస్తుందో తెలియని మనిషి మిరపచేను ఎలా చూస్తుంది? అరెకరంలో పశువులకి జొన్న వేశారు.

అలా మూడేళ్ళు గడిచాక రెండో పార్టు తీస్తున్నారని కబురు వచ్చింది. ఊళ్ళో టీకొట్టు పేరయ్యకి ఇక చేతినిండా పని. పేరయ్య సినిమా సంగతుల్లో ఊరికి పెద్ద. ఆయన తీర్పు మొదటి రోజే ఇచ్చేశాడు.

“రెండోది మొదటిదాన్ని అందుకోదు. రాసిపెట్టుకోండి.”

“చూడకుండానే ఎట్టా చెబుతావన్నా?” అన్నాడు చలమయ్య. కేక పెట్టినావిడ మొగుడిగా రెండో పార్టు తరఫున మాట్లాడే బాధ్యత అతనిదే.

“మొదట్లో రాశిలో ఏముందో నీకు తెలీదు. కాబట్టి భయం. ఇప్పుడు తెలుసు. ఇక కూర్చుని ఎప్పుడు లేస్తదా అని చూట్టమేగా. బస్సు కోసం నిలబడ్డట్టు. బస్సు వస్తే ఎవడన్నా భయపడతాడంట్రా?”

“ఈసారి ఖర్చు పదింతలు పెడుతున్నారంట.”

“ఖర్చు పెడితే పెళ్ళి ఘనంగా జరుగుద్ది. భయం జరగదు.”

టీ తాగుతున్న ఒకతను, ఇంతకీ మొదటిది నువ్వు పూర్తిగా చూశావా అని అడిగాడు. విశ్రాంతి దాకా కళ్ళు తెరిచే చూశాననీ, తర్వాతది శబ్దాన్ని బట్టి అర్థం చేసుకున్నాననీ పేరయ్య నిజాయితీగా ఒప్పుకున్నాడు. అయినా వాదన ఆగలేదు. రెండు వారాలపాటు ఊరు రెండుగా చీలి, టీలు మాత్రం కలిసే తాగింది.

ఈసారి షూటింగు యడ్లవారిపాలెంలో కాదు. పాత కల్లం ఉన్న చోట ప్లాట్లకి రాళ్ళు పాతేశారు. అందుకని తుళ్ళూరు అవతల, రాజధాని కోసం పొలాలిచ్చిన చోట, ముళ్ళకంపలు కొట్టించి కల్లం సెట్టు వేశారు. ఒకప్పుడు మూడు పంటలు పండిన నేలమీద సినిమావాళ్ళు ప్లైవుడ్డుతో పల్లెటూరు కట్టి, లారీలతో కాయలు తెచ్చి పోశారు. కోటిరత్నం కారు దిగి, ఒక కాయ తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. వేలికి ఎరుపంటింది. తాలుకి రంగు వేశారు.

శివరామకృష్ణ కొంచెం లావయ్యాడు. నల్లకళ్ళద్దాలు వచ్చాయి. అయినా మర్యాద పోలేదు. వంగి నమస్కారం పెట్టి, “మీ కేక మీదే ఉందమ్మా సినిమా అంతా. ఆ రోజు అరిచినట్టు అరిస్తే చాలు,” అన్నాడు.

కోటిరత్నం ఊపిరి పొట్టలోంచి తీసి పెద్దది వేసింది. అంతా చప్పట్లు కొట్టారు. శివరామకృష్ణ కొట్టలేదు.

“బాగుందమ్మా. కానీ ఇది షాపు ఓపెనింగు కేకలా ఉంది.”

మళ్ళీ వేసింది. ఇది కాలేజీ కేకలా ఉందన్నాడు. ఆ రోజంతా అలాగే గడిచింది. మర్నాడు ఆవిడని నిజంగా భయపెట్టాలని నిర్ణయించారు. వెనక నుంచి రబ్బరు పాము విసిరారు. చేలో ఎన్ని పాముల్ని కర్రతో తరిమిందో లెక్కలేని మనిషి, దాన్ని తోక పట్టుకుని తెచ్చి, “ఎవరిదో పడిపోయింది బాబూ,” అని ఇచ్చింది. చీకటి చేసిన కారవానులో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఏసీ చల్లగా ఉండడంతో నిద్రపోయింది. గురకని షాహిస్తా రికార్డు చేసింది, ఎక్కడన్నా పనికొస్తుందని.

షాహిస్తా కూడా ఈ మూడేళ్ళలో పైకొచ్చింది. చేతికింద ఇద్దరున్నారు. అయినా ఆ మధ్యాహ్నం అన్నం ప్లేటు పట్టుకుని కోటిరత్నం పక్కన కింద కూర్చుంది.

“ఆంటీ, నిజం చెప్పండి. ఆ రోజు మీరు దేనికి అరిచారు?”

“ఎంతమందికి చెప్పినా నమ్మలేదమ్మా.”

“నేను నమ్ముతాను. మా తాతయ్య మిర్చి యార్డులో కాటా వేసేవాడు. మీరు పట్ట పీకడం నేను చూశాను.”

కోటిరత్నం మెల్లగా అంతా చెప్పింది. చినుకు ఎక్కడ పడిందో ముంజేతి మీద చూపించింది కూడా. షాహిస్తా వినేసి, మంచి మనసుతోనే, పోయి డైరెక్టరుకి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. ఎందుకంటే ఆయన మూడో రోజు పొద్దున్నే రెండు నీళ్ళ ట్యాంకర్లు తెప్పించాడు.

కాయలన్నీ బార్లా పరిచారు. కోటిరత్నాన్ని మధ్యలో నిలబెట్టారు. కెమెరాలు నాలుగు. గొట్టాలు పైకెత్తి ఒక్కసారిగా వదిలితే సెట్టు మీద వాన కుండపోతగా పడింది. వేసిన రంగు కరిగి ఎర్రటి నీళ్ళు కాలువకట్టాయి. చూడ్డానికి భయంకరంగానే ఉంది. లైట్లు పట్టుకున్నవాళ్ళలో ఒకతను నిజంగానే వెనక్కి జరిగాడు. కోటిరత్నం ఆ నీళ్ళ వంక, కాయల వంక చూసింది.

“ఇవి ఎవరి కాయలు బాబూ?”

“మన కంపెనీవేనమ్మా.”

“అయితే తడవనియ్యండి,” అంది.

సాయంత్రం కారులో ఇంటికి పంపించారు. దారిలో పేరేచర్ల దగ్గర నిజం మబ్బు పట్టింది. కోటిరత్నం అలవాటుగా, ఎవరి కాయలు ఎక్కడెక్కడ పరిచి ఉన్నాయో, ఎవరింట పట్టలున్నాయో మనసులో చూసుకుంటూ పోయింది. అందరివీ వచ్చాయి. తనవి రాలేదు. ఆకాశం కింద తనదంటూ ఏమీ లేదు. ఇక ఏ మబ్బు వచ్చినా తనకేం? సంతోషించాల్సిన సంగతే. సంతోషించింది కూడా. అయినా కారు ఊరు చేరేదాకా కిటికీలోంచి తల లోపలికి తీయలేదు.

నెల తర్వాత షాహిస్తా ఫోను చేసింది.

“ఆంటీ, మీకొక్కరికే చెబుతున్నా. కొత్తవి ఏవీ కుదరలేదు. పాత కేకే పెట్టేశాం. మొదటి సినిమాలోది. ఒక్క పిసరు మార్చలేదు, దించలేదు, పెంచలేదు. బయట ఎవరికీ చెప్పొద్దు.”

“నాకెందుకమ్మా చెప్పడం,” అంది కోటిరత్నం. చలమయ్యకి చెబితే ఊరందరికీ చెప్పినట్టే కాబట్టి, అతనికీ చెప్పలేదు.

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నం ఆటకి యడ్లవారిపాలెం రెండు ట్రాక్టర్లలో చిలకలూరిపేట వెళ్ళింది. కోటిరత్నానికి మధ్య వరసలో సీటు ఇచ్చారు. ఒక పక్క చలమయ్య, ఒక పక్క వెంకటరావమ్మ, వెనక పేరయ్య. పెద్ద కల్లం, పెద్ద రాశి, నలభైమంది ఆడవాళ్ళు, ఆకాశంలోంచి చూస్తున్నట్టు కెమెరా. కేక వచ్చే చోటు అందరికీ ముందే తెలిసిపోయింది. హాలులో సగంమంది తెర వంక కాకుండా కోటిరత్నం వంక చూస్తున్నారు.

కేక వచ్చింది. ఆరు సెకన్లు.

ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

బయటికొచ్చాక పేరయ్య సైకిల్ స్టాండు దగ్గర నిలబడి తీర్పు చెప్పాడు. “నే చెప్పలా? మొదటి కేకలో ప్రాణం ఉంది. ఇందులో లేదు. ఏసీ కార్లలో తిరిగితే గొంతు మెత్తబడుద్ది. తప్పు కోటిరత్నానిది కాదు, సుఖానిది.”

“నాకూ అనిపించింది,” అన్నాడు చలమయ్య, రెండు వారాల వాదన మర్చిపోయి. “మొదటిది ఇంకాస్త పొడుగ్గా కూడా ఉండేది.”

వెంకటరావమ్మకి బాధ కలిగింది. “పొట్టలోంచి తియ్యమన్నానా, లేదా? గొంతులోంచి తీశావు. తెలుస్తానే ఉంది,” అని సైకిల్ స్టాండంతా వినపడేలా అంది.

అనదల్చుకుంటే కోటిరత్నం ఒక్క మాటతో ముగ్గురి నోళ్ళూ మూయించొచ్చు. కానీ ట్రాక్టరులో కూర్చుని తనలో తాను సరిచూసుకుంటే, ఆవిడక్కూడా అలాగే ఉంది. మొదటి సినిమాలో ఆ కేక వింటే ముంజేతి మీద చినుకు పడ్డట్టయ్యేది. ఇవాళ హాల్లో విన్నప్పుడు, ఎవరో ఆడమనిషి అరుస్తోంది, పాపం ఏమైందో అనుకుంది. అంతే.

సినిమా వారానికి మించి ఆడలేదు. పత్రికలవాళ్ళు కూడా, కేకలో మునుపటి సహజత్వం లేదని రాశారు. శివరామకృష్ణ తర్వాత ప్రేమకథ తీస్తున్నాడని విన్నారు. పిలుపులు పలచబడి, ఉగాదికల్లా ఆగిపోయాయి. ఆఖరిసారి పిలిచింది నాదెండ్లలో ఒక పుట్టినరోజుకి. అక్కడా పిల్లలు విని, “ఫస్ట్ పార్టులోది అరవండి ఆంటీ,” అన్నారు. ఇంట్లో మిరియాల పాలు ఆగాయి. వెంకటరావమ్మ తిరిగి తన కేకలు తానే వేసుకోవడం మొదలుపెట్టింది. చలమయ్య కొన్నాళ్ళు దిగాలుపడి, తర్వాత జొన్న గురించి మాట్లాడడం నేర్చుకున్నాడు. కోటిరత్నం మూలన పెట్టిన తలగుడ్డ బయటికి తీసి, కూలీల మేస్త్రీ ఆటోలో మళ్ళీ కూలికి వెళ్ళసాగింది. ఆ వానాకాలం మొగుడు వద్దంటున్నా ఒక ఎకరం కౌలుకి పట్టి మిరపనారు వేయించింది. ఎందుకే ఈ వయసులో మళ్ళీ ఆ దిగులు అంటే, పార తీసుకుని చేనుకి వెళ్ళింది.

కోతల రోజుల్లో ఒక పొద్దున, ఆటో రావడం ఆలస్యమై, పేరయ్య కొట్టు దగ్గర టీ తాగుతూ నిలబడింది. ఇంకెవరూ లేరు. పేరయ్య గ్లాసులు కడుగుతూ మళ్ళీ ఆ మాటే ఎత్తాడు.

“ఏదేమైనా అమ్మాయ్, నీ మొదటి కేక ముందు రెండోది నిలబడదు.”

ఏడాదిగా దాచుకున్న మాట కోటిరత్నం నోట్లోంచి వచ్చేసింది. “ఆ రెండూ ఒకటే పేరయ్యన్నా. రెండోసారి నేను అరవలేకపోయా. పాతదే తీసి పెట్టారు.”

పేరయ్య చేతిలో గ్లాసు ఆగింది. కుళాయి పోతూనే ఉంది. ఇంతకాలం చెప్పిన తీర్పంతా ఆ నీళ్ళతోపాటు కాలవలోకి పోతుందేమోనని కోటిరత్నానికే ఆయన మీద జాలి కలిగింది. ఎందుకు చెప్పానా అనుకుంది. ఆయన గ్లాసు బోర్లించి, చేతులు తుడుచుకుని, తీరిగ్గా అన్నాడు.

“చూశావా మరి. నే మొదట్నించీ మొత్తుకుంటంది అదే. మొదటిదే తెచ్చి మళ్ళీ పెట్టినా సరే, రెండోది మొదటిదాన్ని అందుకోదు.”

కోటిరత్నం ఆలోచించింది. కాదనడానికి ఏమీ దొరకలేదు. రోడ్డు మీద ఆటో వచ్చి ఆగింది, లోపలి ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. గ్లాసు బల్లమీద పెట్టి, తలగుడ్డ చుట్టుకుంటూ వెళ్ళి ఎక్కింది.